విమానం అద్దానికి పెట్రోలు మెరుగు

లేత ఆకుపచ్చా, అసలు రంగే వద్దా అని నెల రోజులు తపస్సు చేసి, మా సారు చిన్న విమానానికి ముందు అద్దం ఎంపిక చేశాను. ఈ ఉదయం మడికొండ అవతలి షెడ్డులో బిగించాం. సాయంత్రం పూజ ఉందని కారు డ్రైవర్ యాదగిరి మామ దాన్ని పెట్రోలుతో తుడిచాడు. చూస్తుండగానే అద్దం నిండా సన్నని పగుళ్లు.

“మామా, అది గాజు కాదే, ప్లాస్టిక్!”

“విమానానికి ప్లాస్టిక్ పెడ్తరా? నిన్ను మోసం చేసిన్రు బిడ్డా!”

అంతలో సారు ఫోన్ చేశారు. ఉద్యోగం పోతుందని మామ ముఖం పాలిపోయింది. “అద్దం పగుళ్లిచ్చింది సార్. పెట్రోలు తగలొద్దని మామకు నేనే చెప్పలేదు,” అన్నాను. తిట్లన్నీ నాకే వచ్చాయి.

ఇప్పుడు మామ నా పక్కన కూర్చుని, “ఈసారన్న జర గట్టి గాజు చూడు,” అని బుద్ధి చెబుతున్నాడు. ఈయన్ని ఏం చేయమంటారు?