సదానందం సార్ పారేయమన్న బోర్డులు

హనుమకొండలో నేను రోజూ వెళ్ళే దారిలో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ షాపు ఒకటి ఉంది. కాలిన వార్నిష్ వాసన రోడ్డు దాకా వస్తుంది. అందరూ ముక్కు మూసుకుని దాటిపోతారు. నాకు మాత్రం సదానందం సార్ గుర్తొస్తారు. ఆయన్ను తలచుకుంటే ఒకప్పుడు ముందు కృతజ్ఞత కలిగేదేమో. ఈ మధ్య కోపమే ముందు వస్తోంది.

సార్‌ది చిన్న కంపెనీ. బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు చేసేవారు. కరెంటు రాగానే మోటారు నడపడం, బోరులో నీళ్ళు అడుగంటితే అది కాలిపోకముందే ఆపేయడం ఆ పెట్టె పని. లోపల ఒక సర్క్యూట్ బోర్డు, దాని మీద గోరంత చిప్ ఉంటాయి. ఆ చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం రాయడం నా ఉద్యోగం. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున రైల్లో వచ్చేదాన్ని. చేరిన కొత్తలో ఒకసారి ప్రోగ్రాం మార్చి మార్చి ఒకే బోర్డులోకి ఎక్కిస్తుంటే సార్ వచ్చి వెనక నిలబడ్డారు.

"జర ఆగు స్వరూపా. ఎక్కించినప్పుడల్లా పాతది చెరిపి కొత్తది రాస్తానవు. చెరిపినప్పుడల్లా చిప్పు లోపల కొంచెం కొంచెం అరుగుతది."

"మంచిగనే పనిచేస్తాంది కద సార్?"

"చేస్తది. ఇయ్యాల రాసింది ఇయ్యాల మంచిగనే చదువుతది. ఎండల పెడితే కొన్ని నెలలకు మర్చిపోతది. గందుకే టెస్టు బోర్డు టెస్టుకే. రైతు దగ్గరికి పోవద్దు."

కాలేజీలో ఎవరూ నాకీ సంగతి చెప్పలేదు. పొద్దంతా చెరుపుతూ రాస్తూ పరీక్షించడానికే కొన్ని బోర్డులు ఉండేవి. అవి పాతబడితే సార్ పారేయమనేవారు.

తర్వాత ఒక ఏడాది చిప్‌లు ఎక్కడా దొరకలేదు. పెద్ద ఆర్డర్ చేతిలో ఉంది. ఒక ఉదయం నేను వెళ్ళేసరికి సార్ పాత టెస్టు బోర్డుల నుంచి వేడిగాలితో చిప్‌లు ఊడదీసి కొత్త పెట్టెల్లోకి ఎక్కిస్తున్నారు.

"సార్, అవి అరిగినయి కద?"

"చెక్ చేసిన. అన్నీ పాసైనయ్."

"ఎండల మర్చిపోతయని మీరే అన్నరు."

ఆయన తలెత్తలేదు. "నేను చెప్పింది నాకే చెప్తానవా? నీ పని నువ్వు చూస్కో."

ఎండలు ముదిరాక రఘునాథపల్లి నుంచి అయిలయ్య అనే రైతు కాలిన మోటారును ట్రాలీలో వేసుకుని, పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. బోరు అడుగంటినా పెట్టె మోటారును ఆపలేదు. యాసంగి వరి పొట్ట మీద ఉంది, నీళ్ళు ఆగితే పంట చేతికి రాదు. చిప్‌లో ఉన్నది చదివి చూశాను. మేం రాసిందాంట్లో అక్కడక్కడా చెరిగిపోయింది.

సార్ అయిలయ్యకు కుర్చీ వేసి చాయ్ తెప్పించారు. నా వైపు చూపిస్తూ, "ప్రోగ్రాం రాసింది ఈ పిల్లనే అన్నా. కొత్త పిల్ల, తప్పు చేసింది," అన్నారు.

నేను అప్పటికి కొత్తదాన్ని కాదు.

"నా ప్రోగ్రాంల తప్పు లేదు పెద్దనాయినా. పాత చిప్పు ఏసిండ్రు. అది అరిగిపోయింది," అన్నాను.

అయిలయ్య పెట్టెలోకి తొంగిచూశాడు. చిప్ నల్లగా నిగనిగలాడుతోంది.

"నాగలి అరుగుతది, చెప్పులు అరుగుతయి. దీని మీద గీత కూడ పడలే. సదువుకున్నదానివి, తప్పు జేస్తే జేసిన అనాలె. అన్నం పెట్టేటాయన మీద ఎందుకేస్తవు బిడ్డా?"

సార్ ఒక్క మాట అంటారని ఎదురుచూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చాయ్ తాగారు.

మర్నాడే మానేశాను. ఆయన ఆపలేదు. ఎండిపోయిన వరిలోకి అయిలయ్య పశువులను తోలాడని తర్వాత తెలిసింది. నేను అబద్ధమాడానని ఆ రైతు ఇప్పటికీ అనుకుంటూ ఉండవచ్చు.

కొన్నేళ్ళకు ఒక పెళ్ళిలో సార్ కనిపించారు. పక్కనున్నవాళ్ళతో, "మా స్వరూప. నా చేతికింద తయారైంది," అన్నారు ఎంతో ఆప్యాయంగా. అందులో నటన లేదు. ఆ రోజును ఆయన నిజంగానే మరిచిపోయారు. నన్ను ఎక్కువ బాధించింది అదే.

ఇప్పుడు నా దగ్గరా పిల్లలు పని నేర్చుకుంటున్నారు. బోర్డుల సంగతి వాళ్ళకు సార్ మాటల్లోనే చెబుతాను, అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. మొన్న లావణ్య అనే అమ్మాయి, "ఇంత ఓపికగ ఎవ్వలు చెప్పలే మేడం. మీరేం చెప్పినా కండ్లు మూసుకొని చేస్త," అంది.

"అట్ల చేయకు," అన్నాను, కాస్త గట్టిగానే.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఎందుకన్నానో చెబుదామనుకున్నాను. చెప్పాలంటే సదానందం సార్ ఎంత మంచి గురువో ముందు చెప్పాలి. అది నాకింకా చేతకావడం లేదు.