వంతెన కింది దారి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆటోవాళ్లు సీటు చివర అంగుళం చోటు చూపించి సర్దుకొమ్మన్నప్పుడల్లా అది నెత్తికెక్కేది. అందుకే పోయినేడు కరెంటు బండి కొనుక్కున్నాను. సైకిల్ కంటే కాస్త జోరుగా పోతుంది, లైసెన్సు అక్కర్లేదు. నేను పనిచేసే అంగన్‌వాడీ కర్నూలు-కడప హైవే పక్కన, మా ఇంటి వైపే, మూడు కిలోమీటర్ల దూరంలో. మా ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. రాంగ్ రూట్లో పోయినట్టు తెలిస్తే బండి తాళంచెవి ఆయన జేబులోకే.

సరైన దారంటే, హైవే వంతెన కింద అవతలికి దాటి, ఆ పక్క సర్వీసు రోడ్డులో పోయి, ఇంకో వంతెన కింద మళ్లీ ఇవతలికి రావాలి. మా ఊళ్లో అట్లా ఎవరూ పోరు. లైసెన్సే అక్కర్లేని బండికి రూల్సేమిటని నేనూ మా ఇంటి వైపు సర్వీసు రోడ్డులోనే ఎదురు పోయేదాన్ని.

జొన్నల కాలం వచ్చింది. ఒక అవ్వ సగం రోడ్డు మీద జొన్నలు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టింది. మిగిలిన సగంలో నేను పోతుంటే ఎదురుగా ఆటో వచ్చింది. తప్పుకోబోయి రాయికి తగిలి జొన్నల్లో పడ్డాను. ఆటో అతను తన దారిన తాను వస్తున్నాడు, తిట్టడానికీ లేదు. అవ్వే నన్ను లేపి, హెల్మెట్ తీసి, జడలో గింజలు ఏరింది.

"రోడ్డు మీద పోసింది నా తప్పే. ఎదురొచ్చింది నీ తప్పమ్మా. ఇద్దరికీ ఆయుసుండాది," అంది.

మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. భయం మాత్రం పొద్దుగూకేదాకా తగ్గలేదు. తాళంచెవి ఆయన జేబులోకి పోతే మళ్లీ ఆటో కోసం పడిగాపులు, అంగన్‌వాడీ తలుపు ముందు పిల్లల పడిగాపులు. అబద్ధం ఒకటి సిద్ధం చేసుకున్నాను గానీ, ఆయన మోచెయ్యి చూసి అడిగేసరికి జరిగిందంతా చెప్పేశాను. ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఆటో కోసమని బయటికొస్తే, ఆయన హెల్మెట్ పెట్టుకొని బండి వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు. తాళంచెవి నా చేతికిచ్చాడు.

"నడుపు మే. వంతెన కింద నుంచి పోదాం. నేను గూడా ఎప్పుడూ ఆ దారిన పోలా."

పది నిమిషాలు ఎక్కువ పట్టింది. రెండో వంతెన దాటగానే, చర్చి ముందు సిమెంటు నేల మీద అవ్వ తన జొన్నలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది.

అంగన్‌వాడీ దగ్గర ఆయన దిగి, తాను ఆటోలో ఇంటికి పోతానన్నాడు. తాళంచెవి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. బండి కొన్న రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.