సుగుణమ్మ ఇంట్లో నేను తాగని నీళ్ళు

ఈ మాట ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక చిన్న ఊళ్ళో, నీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టుగా ఉండేవాణ్ణి. ఊరి చివర పాత ఫ్యాక్టరీ ఒకటుంది. తొలినాళ్ళ అణుబాంబుల కాలం నుంచీ అక్కడ యురేనియం శుద్ధి చేసేవారు. మిగిలిన మడ్డినంతా గుంటల్లో పోసేవారు. అది భూమిలోకి ఇంకి చుట్టుపక్కల బావుల్లో చేరింది. ఫ్యాక్టరీవాళ్ళ కోసం ఆ నీళ్ళు పరీక్షించింది నేనే. సంగతి ల్యాబు గడప దాటకూడదని మా మేనేజర్ చెప్పాడు. నాకు గ్రీన్ కార్డు రావడం వాళ్ళ చేతిలో ఉంది. నోరు మూసుకున్నాను.

కొన్నాళ్ళకి సుగుణమ్మ, ఆమె భర్త, చిన్న పాప ఆ ఊరొచ్చారు. భీమవరం వైపు క్రైస్తవులు. ఆమె నర్సు. తెలుగు మాటకు మొహం వాచి ఉన్నానేమో, షాపులో కనబడి భోజనానికి రమ్మనగానే సంబరంగా అడ్రసు అడిగాను. ఇల్లు ఫ్యాక్టరీ కంచె పక్కనే. అప్పటికే కొనేశారు. నీళ్ళు సొంత బావివి.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. వెళ్ళాను. మన ఇళ్ళలో మనిషి రాగానే ముందు మంచినీళ్ళిస్తారు కదా, ఆమె కూడా ఇచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టేశాను. తినేసే వచ్చానన్నాను. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక వంక. పాప మాత్రం నా ఎదుటే గటగటా తాగేది. ఆ పిల్లకి బొమ్మలు పట్టుకెళ్ళేవాణ్ణి. బొమ్మలిస్తే సరిపోతుందనుకున్నానా? ఏమనుకున్నానో ఇప్పుడు నాకే తెలియదు.

ఒక ఆదివారం ఆమె ఇక ఆగలేక అడిగేసింది.

"అన్నయ్యగారూ, నిజం చెప్పండి. మా కులం తెలిసే కదా, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు మీరు?"

నిజం నోటిదాకా వచ్చింది. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ దగ్గర్లో ఉంది. తల దించుకున్నాను.

"చిన్నప్పట్నుంచీ అలవాటైన పద్ధతులమ్మా. ఏమీ అనుకోకండి."

"సరేనండీ" అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ పిలవలేదు.

దాచడమెందుకు, నాకు హాయిగా అనిపించింది. ఇక ఆ ఇంటికి వెళ్ళక్కర్లేదు, ఆ పాపను చూడక్కర్లేదు. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. అయినా ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చింది? వెతుక్కోనక్కర్లేకుండా నాలుక మీదే ఉందంటే, అది పూర్తిగా అబద్ధమేనా, లేక మా ఇంట్లో నేర్చుకున్నదే సమయానికి పనికొచ్చిందా?

కార్డు వచ్చింది. న్యూజెర్సీకి మారిపోయాను. తర్వాత బావుల సంగతి పేపర్లకెక్కింది. ఆ తర్వాత సుగుణమ్మకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. నీళ్ళవల్లేనా అంటే డాక్టర్లు తేల్చి చెప్పలేదట. నేనూ చెప్పలేను. కొన్ని రోజులు ఆ మాట చాటునే దాక్కుంటాను.

ల్యాబులో నా పనేమిటో ఆమెకెప్పుడూ చెప్పలేదు. కులం చూసుకునే మనిషనే నన్ను చివరిదాకా అనుకుందని తెలిసినవాళ్ళు అన్నారు. పోయిన ఏడాది ఆమె పోయింది. పాప పెద్దదైంది. తనకైనా చెప్పే ధైర్యం వస్తుందో రాదో.

సుగుణమ్మా, ఆ నీళ్ళు మంచివి కావని నాకు తెలుసు. అందుకే ముట్టలేదు. మీరు తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను.