బొప్పాయి కింద పడేలోపు

కోవిల్‌పట్టిలో మా ఇంటి బొప్పాయి చెట్టు మిద్దె దాటి పెరిగింది. విరుదునగర్‌లో ఉద్యోగం చేసుకునే నేను ఆదివారం రాగానే మిద్దె ఎక్కి, దోరగా పండిన కాయ ఒకటి తెంపి, "ఇడిస్తి!" అని కేకేసి కిందికి వదిలేదాన్ని. కింద అమ్మ రెండు చేతులా కొంగు చాపి నిలబడేది. కాయ తగలబోయే ముందు మోకాళ్ళు కాస్త వంచి, కొంగు కిందికి దించేది. ఇన్నేళ్ళలో ఒక్క కాయా పగల్లేదు.

అమ్మతోపాటు ఆ ఇంట్లో ఉండే మా వదినకు మాత్రం అనుమానం. "అత్తకు కన్ను సరిగా తెలియలా. రసం గ్లాసు బయట పోస్తాది. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు," అని నా దగ్గర మొత్తుకునేది. "నాకేమి, బాగనే ఉండా," అనేది అమ్మ. నేనూ అమ్మ పక్షమే. మిద్దె మీంచి పడే కాయను పట్టే మనిషికి చూపు లేదంటే ఎవరు నమ్ముతారు? వదినది చాదస్తమని మొహం మీదే అనేశాను. ఆమె రెండు వారాలు నాతో ముభావంగా ఉంది.

నన్ను తొలిచింది వేరే సంగతి. కాయ కింద పడడానికి సెకను కూడా పట్టదు. పెద్దదైనా, చిన్నదైనా అంతే. ఆ కాస్తలో కొంగు ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుంది? అడిగితే, "చెయ్యికి తెలుస్తాది లే," అంది అమ్మ. ఒకసారి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో కాయ వదిలి వీడియో తీశాను. తిరుగు బస్సులో సాత్తూరు వచ్చేలోపు దాన్ని నెమ్మది చేసి పదిసార్లు చూశాను. కాయ దిగిపోతోంది. అమ్మ చూపు దాని వెంట రావడం లేదు. పైన నేనున్న వైపే నిలిచిపోయింది. చూడకుండానే పడుతోంది, ఎంత నేర్పు అని మురిసిపోయాను మొద్దుదాన్ని.

మరుసటి ఆదివారం ఆ నేర్పు ఏపాటిదో చూద్దామనిపించింది. కాయ తెంపి, "ఇడిస్తి!" అని అరిచాను. కానీ వదల్లేదు.

సరిగ్గా కాయ కిందికి చేరాల్సిన వేళకే అమ్మ మోకాళ్ళు వంగాయి. ఏమీ పడని కొంగు బరువు మోస్తున్నట్టు కిందికి దిగింది. ఆమె కొంగులో తడిమింది. తర్వాత గొంతుక్కూర్చుని, చుట్టూ నేలంతా చేత్తో వెతుక్కుంటూ, "ఏడ పడిందమ్మా? పగిలెనా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మెట్లు దిగి వచ్చి కాయ ఆమె చేతిలో పెట్టాను. వంటింటి గుమ్మంలోంచి వదిన వచ్చి, అమ్మను లేపి మెట్టు మీద కూర్చోబెట్టింది.

"ఎప్పటినుంచమ్మా?" అని అడిగాను.

అమ్మ కాయను ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరింది.

"నీ మొగం అగపడి రెండు దీవాళ్ళాయె," అంది.