గంజి ఆరకముందే

పడుగుకు గంజి పెట్టిన పొద్దున మా గల్లీలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. నారాయణపేటలో మాది నేతగాళ్ల గల్లీ. ఇళ్ల ముందు పొడవునా నూలు పోగులు బిగించి కట్టి, గంజి పూసి, అది ఆరేలోపు మగవాళ్లు అటూ ఇటూ కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి. చెయ్యి ఆగిందా, పోగుకు పోగు అతుక్కుంటుంది. ఇక ఆ పడుగు మగ్గం ఎక్కదు. ఆ ఏడు మిరుగం, అదే మృగశిర కార్తె, దగ్గరపడింది. వానలు మొదలైతే గల్లీలో పడుగు సాగదీయడం కుదరదు. బాపు కట్టింది ఆఖరి పడుగు. అది చెడితే వానాకాలమంతా మా మగ్గం ఖాళీ.

ఇది అరవైల్లో సంగతి. నేను హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. విదేశీ విద్యార్థులు, మన కాలేజీ పిల్లలు కలిసి ఉండే వేసవి శిబిరం మా ఊళ్లోనే పెట్టారు, నేనూ చేరాను. నాయకత్వం నేర్పుతారట, ఒకరి సంస్కృతి ఒకరికి చూపిస్తారట. రోజుకొకరు నాయకులు. ఆ రోజు వాళ్లేం చెబితే అందరూ అది వినాలి, శిబిరం నడిపే అధికారితో సహా. ఆ నియమం ఆయనే పెట్టాడు, మొదటిరోజే గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఊళ్లో నేతగాళ్లకు సర్కారు నూలు రావాలంటే కాగితం మీద సంతకం పెట్టేదీ ఆయనే.

మా గల్లీ చూడడానికి వెళ్లే రోజు నాయకత్వం నాది. గంజి పని అయ్యాకే వెళ్దామని ముందురోజే చెప్పాను. అధికారి తలూపాడు. తెల్లారి లేచి చూస్తే జీపు సిద్ధం. ఎండ ముదరకముందే చూసొద్దామన్నాడు. నా మాట గాలికి పోయింది.

జీపు గల్లీ మొదట్లో ఆగింది. బాపు ఏం చేస్తాడో నాకు తెలుసు. కుంచె కింద పెట్టాడు. భుజమ్మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. తక్కినవాళ్లూ అంతే. పెద్దమనిషి ఎదుట నిలబడితే వాళ్లకు చేతులు ఆడవు. దొరల కాలంలో పడిన అలవాటు, దొరలు పోయినా పోలేదు.

అధికారి ఉపన్యాసం అందుకున్నాడు. చేనేత గొప్పతనం, దేశాల మధ్య స్నేహం. తెలుగులో ఓసారి, మళ్లీ అదంతా ఇంగ్లీషులో ఓసారి. ఎండ ఎదురింటి గోడ దిగి పోగుల కొసలకు వచ్చింది. అక్కడ తడి మెరుపు తగ్గుతోంది. బాపూ అదే చూస్తున్నాడు, తల మాత్రం ఎత్తడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"బాపూ, కుంచె పట్టు," అన్నాను మెల్లగా.

"ఊకో. సారు మాట్లాడుతున్నడు గద."

"సార్, ఆపండి," అన్నాను. గల్లీ అంతా వినబడింది. "ఈరోజు నా మాట వినాలి. మీరు పెట్టిన నియమమే."

ఆయన మాట సగంలో ఆగింది. నేను గల్లీ వైపు తిరిగాను.

"కుంచెలు పట్టుండ్రి. ఎండ కొడ్తాంది, కనబడ్తలేదా?"

బాపు ముఖం చూడలేదు. చూస్తే నోరు పెగలదు. విదేశీ పిల్లల చేత ఇళ్లల్లోంచి దుప్పట్లు తెప్పించాను. వాళ్లు ఎండకు అడ్డంగా వాటిని ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. పని అయ్యేదాకా దించలేదు. మగవాళ్లు పరుగు పరుగున దువ్వారు. ఒక కొసన పోగులు అప్పటికే అతుక్కున్నాయి. అమ్మ వేళ్లు తడుపుకుని ఒక్కొక్కటే విడదీసింది.

పడుగు దక్కింది. సంతోషంతో అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

బాపు చేతులైనా కడుక్కోలేదు. అధికారి ముఖం మాడ్చుకుని కూర్చున్న జీపు దగ్గరికి నేరుగా వెళ్లి, గంజి చేతులు జోడించి నడుం వంచాడు.

"పిల్లది, తెల్వక నోరు జారింది సారూ. తప్పయింది. కడుపుల పెట్టుకోండ్రి."

నా పక్కన దుప్పటి మడుస్తున్న విదేశీ అమ్మాయి, మీ నాన్న ఏమంటున్నాడని అడిగింది. క్షమాపణ అడుగుతున్నాడని చెప్పాను.

"దేనికి?" అంది.

జీపు వెళ్లాక అదే మాట బాపును అడిగాను, కోపంగానే. ఆయన కుంచె కడుగుతూ నా వైపు చూడలేదు.

"నువ్వు మంచిగనే చేసినవ్ బిడ్డా. ఇగ నువ్వు పట్నం పోతవ్. నూలు కోసం సారు సంతకానికి పోయి నిలబడేది నేను గద."