రేపటి తూటాలు

చెంచా నా చేతిలో ఉంది, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఉంది, నవ్వుతూనే తూటా గొట్టాల్లో మందు పోస్తున్నాను. ఇన్నేళ్లయినా అక్కడి నుంచి లేవలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, హిందీ మాట్లాడే ఊళ్లో, సీతారాండేరా అనే పేటలో నన్ను పెంచినవాడు, దొంగచాటుగా జింకల వేటకి వెళ్లేవాడు. తూటాలు కొంటే పట్టుబడతానని, పేలిన గొట్టాల్నే ఇంట్లో మళ్లీ నింపుకునేవాడు. ఆ రోజు రెండు పళ్లేలున్నాయి. నిన్న వేటనుంచి తెచ్చిన గొట్టాలు ఒకదాన్లో, రేపు తీసుకెళ్లాల్సినవి ఇంకోదాన్లో.

"కల్‌వాటికి మందు పోసీసినాను, మిగతాయి నువ్వు పొయ్యి" అన్నాడు.

మా ఇంట్లో సగం మాటలు హిందీవే. కల్ అంటే నిన్న. కల్ అంటే రేపు కూడా. ఆయన రేపటివన్నాడు, నేను నిన్నటివనుకుని రేపటివాటిలోనే మళ్లీ పోశాను. లోపలికి తొంగిచూస్తే తెలిసేది. చూడలేదు.

"చూసే పోసినావేటే, వసపిట్టా? ఫోన్లో పడి నా పేణం మీదకి తెత్తావు."

"చూసే పోసాను మావయ్యా! నీకన్నీ అనుమానాలే."

ఆయన వాటిని మూస్తుంటే రెండో పళ్లెం చూశాను. అన్నీ ఖాళీ. రేపటివాటిలో మందు రెండింతలు పడిందని అప్పుడు తెలిసింది. ఆగమని ఎందుకు అనలేదు? ఆగమంటే ఫోను లాక్కుని, అవతలున్న అబ్బాయి ఎవరని అడుగుతాడు. అంత చిన్న భయానికి, ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకుంటూ నోరు మూసుకున్నాను.

అడవిలో తుపాకీ గొట్టం పగిలి ఆయన ఎడమచేతి వేళ్లు పోయాయి. ఆసుపత్రిలో టపాకాయ పేలిందన్నాం. వెల్డింగ్ పని పోయింది. బయట చెబితే జైలుకి వెళ్లేది ఆయనే. ఆయనకి చెబితే? తిట్టడు. అదే భరించలేను. రోజూ నేను ఆయన చొక్కా గుండీలు పెడుతుంటే "బంగారు తల్లి" అంటాడు. ఆ గుమ్మం దాటి నేనెక్కడికి పోను?

క్షమించమని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. కానీ ఇంకొకటి కూడా చెప్పేస్తేగాని నాకు ఊపిరాడదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆయనన్నాడు, "నా కళ్లే మసకేసీసినాయే. నేనే రెండుసార్లు పోసీసుంటాను."

మర్నాడు పొద్దున్నే ఆయన్ని సాక్చీ బజారుకి తీసుకెళ్లి కళ్లజోడు కొనిపించాను. ఫ్రేము నేనే ఎంచాను.