ఎర్రోడి మీద గెలిచిన దావా

ఏడేళ్ళుగా ఒక కుక్కను మోస్తున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. బతికున్నప్పుడు ఎత్తుకుంటే అది పెద్ద బరువేమీ కాదు.

రంగూన్‌లో మాది పాత కిరాణా కొట్టు. బేరాల మధ్య పుట్టి పెరిగాను. మా నాన్న పద్ధతి ఒకటుంది. తూకం అయ్యాక గరిటతో తక్కెడ పళ్ళేన్ని రెండుసార్లు టంగుమనిపించి, అప్పుడు కొసరు వెయ్యాలి. ఇది మనసారా ఇస్తున్నదని కొన్నవాళ్ళకు తెలియాలి. మనసు సంగతి దేవుడెరుగు, చప్పుడు మాత్రం గట్టిగానే చేసేవాళ్ళం.

కొట్టు పైగదిలో రూతమ్మ అత్త ఉండేది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. వాళ్ళ కుక్క ఎర్రోడు రోజూ కిందికి దిగి వచ్చేది. నేను పళ్ళెం మీద రెండు దెబ్బలు కొట్టి రెండు ఎండు రొయ్యలు విసిరేవాణ్ణి. కొన్నాళ్ళకు ఎక్కడున్నా ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చేది.

కూతురికి ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీ పని దొరికింది, ఇద్దరూ అక్కడికే మారాలి. అక్కడి గదిలో కుక్కను ఉండనివ్వరట. వేరే గది దొరికేదాకా, రెండు నెలలు చూడమని అత్త ఎర్రోణ్ణి నాకు అప్పగించి వెళ్ళింది. రెండు నెలలకు తాడు పట్టుకుని వచ్చింది. నేను ఇవ్వనన్నాను. ఎందుకన్నాను? ఎలుకలు తగ్గాయనా? కొట్టుకు వచ్చేవాళ్ళందరూ ఏదో ఒకటి కొనడానికే వస్తారు, ఇదొక్కటే నా కోసం వస్తోందని నన్ను నేను నమ్మించుకోవడం వల్లా? ఏడ్చి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ చౌక్తడా పేటకు వెళ్ళి, చిన్న దావాలు వినే కోర్టులో అర్జీ పెట్టింది.

కుక్క మా గుమ్మంలోనే పుట్టిందని జడ్జిగారికి చెప్పాను. తడబడలేదు. ఇద్దరి దగ్గరా కాగితం ముక్క లేదు. కుక్కను మధ్యలో వదలండి, ఎవరి దగ్గరికి పోతుందో చూద్దాం అన్నారాయన. అత్త "ఎర్రోడా" అని పిలిచింది. తోక ఊపుకుంటూ అటు కదిలింది. నాలుగడుగులు వేసింది. ఇంకో రెండు అడుగులు వేస్తే అయిపోయేది.

నా చేతి ఉంగరం బెంచీ అంచుకు తగిలింది. తగిలిందని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. కాదు, కొట్టాను. రెండుసార్లు.

ఎర్రోడు ఆగింది. వెనక్కి తిరిగింది. వచ్చి నా మోకాలి మీద గడ్డం పెట్టి, నా పిడికిలి వైపు చూసింది. పిడికిట్లో ఏమీ లేదు. జడ్జిగారికి ప్రేమ కనిపించింది.

బయట మెట్ల మీద అత్త నన్ను ఆపింది.

"నీ కాడికి రాలేదు బాబూ ఆడు. నీ కొసరు కాడికొచ్చాడు."

"కోర్టే చెప్పింది కదా అత్తా."

"కోర్టుకేటి తెలుసు? నీకు తెల్దా?"

ఆవిడ సంచీలోంచి అన్నం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "ఆడి కోసం తెచ్చాను. పొద్దుట్నుంచి ఏటీ తిననట్టున్నాడు. ఉరుములంటే బయం ఆడికి, అప్పుడు కట్టకు."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

ఎర్రోడు నా దగ్గర అయిదేళ్ళు బతికింది. వానాకాలంలో ఉరిమితే పైకి పోయి, ఎవరో అద్దెకున్న ఆ గది తలుపు గీరేది. కిందికి రమ్మని ఎంత పిలిచినా వచ్చేది కాదు. లైంగ్‌థార్యార్‌కు బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఒక్కసారైనా ఎక్కించి తీసుకెళ్ళలేదు.

అది పోయిన ఎనిమిది నెలలకు అత్త కూతురు కొట్టుకొచ్చింది. ఎర్రోడు ఎలా ఉన్నాడో అమ్మ కనుక్కోమంది అని అడిగింది. నవ్వుతూనే అడిగింది, పాత కోపం ఏదీ లేకుండా. బాగున్నాడు, పైన పడుకున్నాడు అన్నాను. ఆ అమ్మాయి మేడ వైపు చూసి, లేపొద్దులే అంది.

అత్త ఇంకా ఉంది. మోకాళ్ళు పట్టేసి ఇల్లు కదలడం లేదట. కుక్క బతికే ఉందనుకుంటోంది.

ఈ మాట ముందు ఆవిడకు చెప్పాలి. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక కూడా ఆవిడకు దక్కకుండా నేనే పుచ్చుకున్నాను.